ఐర్లాండ్‌లో పొలం మధ్య గుండ్రటి మట్టికట్ట, ఏంటిది?

ప్రశ్న: మేముండేది కౌంటీ క్లేర్‌లో అండి. ఇంటి వెనక పొలంలో గుండ్రంగా మట్టికట్ట, దాని మీద ముళ్ళచెట్లు, చుట్టూ పూడిపోయిన కందకం. రైతు ట్రాక్టర్ని చుట్టూ తిప్పుకుపోతాడు గానీ దాని జోలికి పోడు. కోటా?

జవాబు: రింగ్‌ఫోర్ట్ అండి. మట్టిదైతే రాత్, రాతిదైతే కాషెల్. పేరుకే కోట, చాలావరకు క్రీ.శ. 500-1000 మధ్య రైతు కుటుంబాల ఇళ్ళు, పశువుల్ని దొంగలు తోలుకుపోకుండా చుట్టూ కట్ట పోసుకున్నారు. దేశంలో దాదాపు 45,000 ఉన్నాయి, కొన్నింటి కింద సొరంగం కూడా ఉంటుంది.

జవాబు: అందులో ఫెయిరీలు (ఐరిష్ జానపద కథల్లోని మాయా జీవులు) ఉంటాయని, చెట్టు కొట్టినా అరిష్టమని పెద్దవాళ్ళ నమ్మకం, ఆ భయమే ఇన్నాళ్ళూ కాపాడింది. పెద్ద మెషిన్లు వచ్చాక చాలా చదును చేసేశారు, తలుచుకుంటే బాధేస్తుంది, పోయింది మళ్ళీ రాదు కదా.

జవాబు: చట్టం కూడా ఉంది బ్రో. పురాతన కట్టడాల్ని కాపాడే 1994 చట్టం కింద ప్రభుత్వ రికార్డులో చేరితే అక్కడ ఏ పని చేయాలన్నా రెండు నెలల ముందే ప్రభుత్వానికి రాసివ్వాలి. 2023లో కొత్త చట్టం వచ్చింది, విడతలవారీగా అమలు చేస్తున్నారు. హిస్టారిక్ ఎన్విరాన్‌మెంట్ వ్యూయర్ అనే ప్రభుత్వ ఆన్‌లైన్ మ్యాప్‌లో మీ పొలం చూడండి. పర్మిషన్ లేకుండా మెటల్ డిటెక్టర్ మాత్రం పట్టుకెళ్ళకండి, నేరం.