అమ్మాయికి మైగ్రేన్. యాప్‌లో మూడు, మాత్రల షీటులో తొమ్మిది!

గుంటూరు అమ్మ:
మా అమ్మాయికి పదహారేళ్లు, ఇంటర్ సెకండియర్. తొమ్మిదో తరగతి నుంచీ తలకు ఒక పక్కే నొప్పి, వాంతులు. వచ్చిందంటే కర్టెన్ కూడా తీయనివ్వదు. డాక్టరు గారు ఎప్పుడెప్పుడు వస్తోందో రాసి తెమ్మంటే ఫోన్‌లో ఒక యాప్ వేశాం. ఎక్కడ నొప్పి, ఏం తిన్నావు, ఎంతసేపు పడుకున్నావు... దాని ప్రశ్నలకే సగం తలనొప్పి. తీరా చూస్తే నెలకి మూడే ఉన్నాయి. షీటులో మాత్రం తొమ్మిది మాత్రలు ఖాళీ. యాప్ మార్చాలా?

బీటెక్ కుర్రాడు, వరంగల్:
ఆంటీ, నాకూ ఉంది. నొప్పి ఉన్నప్పుడు స్క్రీన్ చూడలేం. తగ్గాక నాలుగే రాస్తాను: ఎప్పుడు మొదలైంది, ఎన్ని గంటలుంది, మాత్ర ఎన్నింటికి వేసుకున్నాను, క్లాసు పోయిందా. మిగతావి వదిలేస్తాను. ఇంకోటి అడగనా? తలనొప్పి అనగానే మీరు ఫోన్ లాక్కుంటారా? మా ఇంట్లో అంతే. అందుకే నేను సగం దాచేవాణ్ణి.

స్టాఫ్ నర్సు:
అమ్మా, మాత్రలు కాదు, మాత్ర వేసుకున్న రోజులు లెక్కపెట్టండి. పారాసెటమాల్, ఐబుప్రోఫెన్ లాంటివి నెలకు 15 రోజులు, మైగ్రేన్‌కని ప్రత్యేకంగా ఇచ్చే ట్రిప్టాన్ రకమైతే 10 రోజులు, అలా మూడు నెలలు దాటితే ఆ మాత్రల వల్లే తలనొప్పి పట్టుకోవచ్చు. వాంతులు మొదలయ్యాక మింగితే సరిగా పనిచేయదు, మొదట్లోనే ఇవ్వాలి. డోసు డాక్టరునే అడగండి. ఉన్నట్టుండి ఎప్పుడూ లేనంత నొప్పి వచ్చినా, జ్వరంతో మెడ పట్టేసినా, చెయ్యో కాలో చచ్చుబడినా యాప్ తెరుస్తూ కూర్చోకండి. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

గుంటూరు అమ్మ:
బాబూ, నువ్వు అడిగింది సూటిగా తగిలింది. ఆ మూడూ ఫోన్ నా చేతిలో ఉన్నప్పుడు నేను రాసినవే. రాత్రి "ఫోన్ తీసుకోనులే" అని ఒట్టేస్తే అప్పుడు చెప్పింది. వంటింట్లో తిథుల క్యాలెండర్ మీద గుర్తున్నంతవరకు ఎర్ర పెన్నుతో చుక్కలు పెట్టాం. ఏడు రోజులు తేలాయి. అందులో మూడు ఆదివారాలు! పాపం అని ఆ రోజు పదింటిదాకా పడుకోనిస్తాను, టిఫిన్ పదకొండుకి. నొప్పి అందుకే వస్తోందేమో. వాళ్ల నాన్న మాత్రం ఇంకా "ఫోనే" అంటున్నారు. యాప్ ఉంచాం, కానీ తనే రాస్తుంది, నేను చూడను. క్యాలెండర్ ఫోటో తీసి డాక్టరు గారికి చూపిస్తాను. ఈ ఆదివారం ఎనిమిదింటికే ఇడ్లీ. ఇప్పటికే మూతి ముడుచుకుంది.