అప్‌డేట్: నువ్వుచేలో దొరికిన కొమ్ము పురుగు

కడప దగ్గర మా నువ్వుచేలో లావాటి పచ్చ పురుగు, తోక మీద వంకర కొమ్ము, కుడుతుందా అని ఆమధ్య అడిగాను కదా. కుట్టదు, ఆ కొమ్ము ఉత్త బెదిరింపే. మట్టి పోసిన డబ్బాలో పెట్టి నువ్వాకు వేస్తూ వచ్చా. బాగా మేసి మట్టిలోకి దూరి ప్యూపా (రెక్కల పురుగుగా మారే ముందటి దశ) అయింది.

మొన్న రాత్రి రెక్కలతో బయటికొచ్చింది. వీపు మీద అచ్చం పుర్రె బొమ్మ! కింది రెక్కలు పసుపు, వాటిమీద నల్ల పట్టీలు. ముట్టుకుంటే ఎలకపిల్లలా కీచుమంది. మా అవ్వయితే ‘దయ్యంరా, పారేయ్’ అని ఒకటే గోల.

అప్పుడు దీని పేరు మీలో ఒకరు చెప్పిందే నిజం: డెత్స్‌హెడ్ హాక్‌మాత్ అనే పెద్ద చిమ్మట, శాస్త్రీయ నామం అకెరాన్షియా స్టిక్స్. దీని నోటిగొట్టం పొట్టిది, గట్టిది. తేనెపట్టుల్లో దూరి మైనం గదులు పొడిచి తేనె తాగేస్తుందట, ఘటికురాలే! చేలో మిగిలిన పురుగులు కొన్నే కాబట్టి మందు కొట్టలేదు, చేత్తో ఏరేశాం.