అపార్ట్‌మెంట్‌కి వైఫై కెమెరాలు చాలవా?

ఫ్లాట్302: మా సెల్లార్లో బైకు పోయింది. ఊరెళ్లినవాళ్లు వారం తర్వాత తిరిగొచ్చి చూసుకుంటే గానీ తెలియలేదు, అప్పటికే డీవీఆర్‌లో, అదే కెమెరాల వీడియో దాచే పెట్టెలో, ఆ రోజు రికార్డింగ్ చెరిగిపోయింది. ఈ ఎనిమిది పాత కెమెరాలూ పీకేసి వైఫైవి పెడదామంటే మీటింగ్‌లో సగం మంది ఒప్పుకోలేదు. గోడలు తవ్వే పని ఉండదు, అందరూ ఫోన్లో చూసుకోవచ్చు. ఇందులో తప్పేముంది?

కేబుల్‌మావయ్య: తప్పే అండీ, పన్నెండేళ్లుగా ఇదే పనిలో ఉన్నాను. వైరు లేని కెమెరా అన్నది మాటవరసకే, బ్యాటరీది కాకపోతే కరెంటు వైరు దానికీ లాగాలి. సెల్లార్లో అన్ని కాంక్రీటు పిల్లర్లు దాటుకుని సిగ్నల్ సరిగా అందదు. నెట్‌వర్క్ కేబుల్ మీద నడిచే ఐపీ కెమెరాలు, వాటి వీడియో దాచే ఎన్‌వీఆర్ పెట్టె పెట్టుకోండి, అది పీఓఈ ఉన్నదైతే ఒక్క క్యాట్ 6 నెట్‌వర్క్ కేబుల్లోనే కరెంటూ వీడియో రెండూ పోతాయి, 100 మీటర్ల దాకా ఢోకా లేదు. ఎన్‌వీఆర్ దగ్గర ఒక్క యూపీఎస్ ఉంటే కరెంటు పోయినా అన్నీ నడుస్తాయి.

గోదారిపిల్ల: అంత తీసిపారేయకండి. మా అమ్మ రాజమండ్రిలో ఒక్కతే ఉంటుంది, నేను డల్లాస్‌లో. పొద్దున్నే ఆవిడ తులసికోట దగ్గర దీపం పెట్టడం ఆ వైఫై కెమెరాలో చూశాకే నాకు ఇక్కడ రాత్రి అన్నం సయిస్తుంది. నెట్ పోయినా మెమరీ కార్డులో రికార్డవుతుంది.

కేబుల్‌మావయ్య: ఇంటికైతే అది చక్కగా సరిపోతుందమ్మా, కాదనను. కానీ కార్డు కెమెరాలోనే ఉంటుంది, దొంగ కెమెరా పీక్కుపోతే రుజువూ వాడితోనే పోతుంది. 302 గారూ, మీ రికార్డింగ్ పోయింది వైరు వల్ల కాదు, డిస్క్ చాలక. 2 ఎంబీపీఎస్‌లో, అంటే సెకనుకి 2 మెగాబిట్ల చొప్పున, రికార్డు చేసే కెమెరాకి రోజుకి 21 జీబీ పైనే కావాలి. ఎనిమిదింటికి 1 టీబీ ఆరు రోజుల్లోపే నిండిపోయి పాతదాని మీద కొత్తది ఎక్కేస్తుంది. నెల రోజులు ఉండాలంటే 6 టీబీ వేయించండి.

ఫ్లాట్302: డిస్క్ సంగతి ఒప్పుకున్నా. మరి రాత్రిపూట నంబర్ ప్లేటు తెల్లటి మచ్చలా పడుతోంది, దానికేం చేయాలి?

రాత్రిడ్యూటీ: చీకట్లో కెమెరాలోని ఇన్‌ఫ్రారెడ్ లైట్లు వెలుగుతాయి, ప్లేటు ఆ వెలుగుని తిప్పికొడుతుంది. గేటు దగ్గర రాత్రంతా మంచి బల్బు వెలగనివ్వండి, అప్పుడు ఆ లైట్లు వెలగకుండా కెమెరా రంగుల్లోనే తీస్తుంది. 2.8 ఎంఎం లెన్సులో గేటంతా కనిపిస్తుంది గానీ ప్లేటు మీద అంకెలు చీమల్లా ఉంటాయి, అక్కడికి 6 ఎంఎం వేయించండి. సాలెగూళ్లు కూడా దులుపుతూ ఉండాలి, ఒక్క పోగు అడ్డం పడ్డా రాత్రి తెల్లగా మెరిసి మనిషి మొహాన్ని కప్పేస్తుంది.

ఫ్లాట్302: సరే, గేటుకీ సెల్లార్‌కీ వైరే. టెర్రస్ మీద ఒక్కటి మాత్రం వైఫైదే పెడతాను, అక్కడికి కేబుల్ పోయే దారే లేదు.

కేబుల్‌మావయ్య: నీళ్ల పైపులు వెళ్లే డక్ట్ ఉంటుంది కదండీ. దాని ఫోటో పెట్టండి, చూసి చెప్తాను.