గరాజ్ డోర్ కిర్రుమంటోంది: ఏ లూబ్ కొట్టాలి, ఎక్కడ కొట్టాలి?

కొత్తిల్లు_డాలస్:
16 అడుగుల వెడల్పు, 7 అడుగుల ఎత్తు స్టీల్ డోర్, చెయిన్‌తో లాగే మోటారు (ఓపెనర్). ఎనిమిదేళ్ల పాతది. లేచేటప్పుడు కిర్రుమంటుంది, ట్రాకు వంపు దగ్గరకొచ్చేసరికి గడగడలాడుతుంది. సరిగ్గా దాని పైనే బెడ్‌రూమ్. పొద్దున్నే ఎవరు బయల్దేరినా ఇంటిల్లిపాదీ లేస్తున్నారు. డబ్ల్యూడీ-40 స్ప్రే డబ్బా ఉంది. ట్రాకుల నిండా కొడితే చాలా, గ్రీజు రాయాలా? సొంతంగా చేసుకోగలిగినంత వరకు చెప్పండి.

పానా_పట్టకారు:
ట్రాకుల జోలికి వెళ్లకండి. రోలర్ (డోర్ పక్కనుండే చిన్న చక్రం) అక్కడ దొర్లాలి, జారకూడదు. నూనె పడితే దుమ్మూ ఇసుకా అంటుకుని నల్లటి ముద్దగా గట్టిపడుతుంది. సబ్బునీళ్లలో పిండిన గుడ్డతో లోపల తుడిచి, ఆరనివ్వండి. ట్రాకుకు చేయాల్సింది అంతే.

మామూలు డబ్ల్యూడీ-40 తేమను తరమడానికి, పట్టేసిన తుప్పు వదిలించడానికి పనికొస్తుంది. ఉన్న గ్రీజును కూడా కడిగేస్తుంది, తను మాత్రం ఎక్కువ రోజులు నిలవదు. వైట్ లిథియం స్ప్రే గానీ, గరాజ్ డోర్ లూబ్ అని అమ్మే స్ప్రే గానీ తెచ్చుకోండి. సన్నటి గొట్టం ఉన్న డబ్బా అయితే మేలు.

డోర్ మూసి, ఓపెనర్ ప్లగ్ తీసేసి మొదలుపెట్టండి. ముందు డోర్ ప్యానెళ్లను కలిపే హింజ్‌లు. రెండు ముక్కలు కలిసే పిన్ను దగ్గర గొట్టం ఆనించి ఒక్క సెకను నొక్కితే చాలు. పిన్ను చుట్టూ మసి లాంటి నల్లపొడి రాలి ఉంటే లోహం లోహాన్ని తింటోందన్నమాట, మీ కిర్రు ఎక్కువగా అక్కడిదే. రోలర్ కాడ దూరే రంధ్రం కోడిగుడ్డులా సాగిపోయి ఉంటే ఏ లూబూ పనిచేయదు, హింజ్ మార్చాల్సిందే. దాని మీద 1, 2, 3 అని నంబరు అచ్చేసి ఉంటుంది, అదే నంబరుది కొనండి. నంబరు మారితే ట్రాకుకూ ప్యానెల్‌కూ మధ్య ఎడం మారిపోయి డోర్ పట్టేస్తుంది.

రోలర్లలో లోపలి స్టీల్ బేరింగ్ గుళ్లు బయటికి కనిపిస్తుంటే ఆ సందులోకి కాస్త కొట్టండి. సీల్ చేసిన బేరింగ్ అయితే వద్దు. నైలాన్ చక్రం అంచుకు అసలే వద్దు. డోర్ పైన అడ్డంగా స్ప్రింగ్ ఉండే రాడ్ (షాఫ్ట్) రెండు చివర్లా, మధ్య బ్రాకెట్ దగ్గరా బేరింగులుంటాయి, వాటిని చాలామంది మర్చిపోతారు. స్ప్రింగ్ పొడవునా పల్చగా ఒక పూత వేయండి. వెనక అట్టముక్క అడ్డం పెడితే గోడ పాడవదు. కేబుళ్ల మీద, అవి చుట్టుకునే డ్రమ్ముల మీద పడకుండా చూసుకోండి. ప్లగ్ పెట్టి మూడు నాలుగుసార్లు తెరిచి మూసి, పైకి తేలిన నూనెంతా తుడిచేయండి. ఏడాదికి రెండుసార్లు ఇలా చేస్తే చాలు.

హింజ్ స్క్రూలు వదులైతే 7/16 సాకెట్‌తో, చేత్తోనే బిగించండి. ఇంపాక్ట్ డ్రైవర్ పెడితే ఆ పల్చటి రేకులో మరలు అరిగిపోతాయి.

వంపు దగ్గర గడగడ మాత్రం రోలర్ల అరుగుదలే అయ్యుండొచ్చు. రోలర్‌ని వేళ్లతో ఊపితే చక్రం కాడ మీద అటూ ఇటూ కదలాడుతుందేమో చూడండి. నాలుగు ప్యానెళ్ల డోర్‌కు పది రోలర్లు. 2 అంగుళాల చక్రం, 4 అంగుళాల కాడ, 13 గుళ్ల నైలాన్‌వి వేస్తే చప్పుడు బాగా తగ్గుతుంది. అన్నిటికన్నా కింది రెండు రోలర్లు మాత్రం మీరు ముట్టుకోవద్దు. ఆ బ్రాకెట్‌కే కేబుల్ తగిలించి ఉంటుంది, డోర్ మూసి ఉన్నప్పుడు స్ప్రింగ్ బలమంతా దాని మీదే ఉంటుంది.

తూకం_చూడు:
లూబ్ కన్నా ముందు బ్యాలెన్స్, అంటే స్ప్రింగ్ డోర్ బరువును సరిగ్గా మోస్తోందా, చూడండి. డోర్‌ను ఓపెనర్ నుంచి విడదీసే ఎర్ర తాడును డోర్ పూర్తిగా మూసి ఉన్నప్పుడే లాగాలి. తెరిచి ఉండగా లాగితే, స్ప్రింగ్ బలహీనంగా ఉంటే డోర్ దబ్బున పడిపోతుంది. తాడు లాగాక చేత్తో నడుము ఎత్తు దాకా లేపి, మెల్లగా పట్టు వదలండి. అక్కడే నిలవాలి.

కొత్తిల్లు_డాలస్:
చూశానండి. నిలవట్లేదు, నెమ్మదిగా కిందికి జారుతోంది. ఎత్తడం కూడా బరువుగానే ఉంది.

తూకం_చూడు:
అయితే స్ప్రింగ్ బలం తగ్గింది. మామూలుగా పెట్టే టార్షన్ స్ప్రింగ్ (డోర్ పైన షాఫ్ట్ మీద మెలితిరిగి ఉండేది) 10,000 సార్లు తెరిచి మూయడానికి లెక్కకట్టింది. రోజుకు నాలుగుసార్ల చొప్పున ఏడేళ్లు కూడా పూర్తికాదు. మీది ఎనిమిదేళ్లంటున్నారు. ఈ లోటంతా ఓపెనర్ మోస్తోంది. చాలా చెయిన్ ఓపెనర్లలో లోపల ప్లాస్టిక్ గేరు ఉంటుంది, కవర్ లోపల తెల్లటి పొడి కనిపిస్తే అది అరుగుతోందని అర్థం. అది పోయాక మోటారు తిరుగుతుంది, డోర్ కదలదు.

స్ప్రింగ్ పని మాత్రం తెలిసిన మెకానిక్‌ని పిలిచే చేయించండి. స్ప్రింగ్ చివర ఉండే కోన్ స్క్రూలు వదులు చేస్తే, దాన్ని తిప్పడానికి దూర్చిన రాడ్ గిర్రున తిరిగి చేతులు విరగ్గొడుతుంది. రెండు స్ప్రింగులుంటే రెండూ ఒకేసారి మార్పించండి, 20,000 సార్లకు పైగా తెరిచి మూయడానికి లెక్కకట్టినవి ఉన్నాయేమో అడగండి. ధరలో తేడా ఉన్నా నా లెక్కన అదే గిట్టుబాటు.

చలిదేశం:
ఒక్క మాట కలుపుతాను. షికాగో, మినియాపొలిస్ వైపు వాళ్లు చేత్తో రాసే గట్టి గ్రీజు వాడొద్దు, గడ్డకట్టే చలిలో బిగుసుకుంటుంది. కింది రబ్బరు సీల్‌కు సిలికాన్ స్ప్రే మాత్రమే కొట్టండి. పెట్రోలియం నూనె తగిలితే రబ్బరు ఉబ్బి మెత్తబడుతుంది.

చెయిన్ మధ్యలో ఎంత వేలాడాలో మాన్యువల్‌లో ఉంటుంది. మరీ బిగిస్తే గేరు మీద, బేరింగ్ మీద భారం పడుతుంది.

పని అయ్యాక నేల మీద 2x4 చెక్కను పడుకోబెట్టి డోర్ మూయండి. తగలగానే వెనక్కి లేవాలి. డోర్‌కు రెండు పక్కలా ఉండే సెన్సర్లు నేలకు 6 అంగుళాలకు మించి ఎత్తులో ఉండకూడదు, వాటి అద్దాలు పొడిగుడ్డతో తుడవండి. 1993 నుంచి అమెరికాలో అమ్మడానికి తయారైన, ఇళ్లలో వాడే ఓపెనర్లన్నిటికీ ఇలాంటి రక్షణ తప్పనిసరి. టేపు వేసి దాన్ని మోసం చేయొద్దు.

ఇక బెడ్‌రూమ్ సంగతి. స్ప్రింగ్, రోలర్లు మార్చినా గుయ్‌మనే శబ్దం మిగిలితే అది మోటారుది, సీలింగ్ జోయిస్టుల (చెక్క దూలాల) గుండా పైకి పాకుతుంది. మోటారును వేలాడదీసిన ఇనుప పట్టీలకూ చెక్కకూ మధ్య రబ్బరు ప్యాడ్లు పెట్టి బోల్టులు బిగించండి. ఆ బోల్టు తల కింద కూడా రబ్బరు వాషర్ ఉండాలి. లేకపోతే కంపనం బోల్టులోంచి పైకెక్కేస్తుంది.