కంటిన్యుయేషన్ హైస్కూల్ అంకెలను ఎలా అర్థం చేసుకోవాలి?

ప్రశ్న (ఈస్ట్ బే అమ్మ):
మేము కాలిఫోర్నియాలో, శాన్ ఫ్రాన్సిస్కోకు తూర్పున ఉంటున్నాము. మా అబ్బాయి పదకొండో తరగతి చదువుతున్నాడు. గత రెండేళ్లలో అనారోగ్యం వల్ల చాలా రోజులు బడికి వెళ్లలేక 45 క్రెడిట్లు, అంటే తొమ్మిది సెమిస్టర్ కోర్సులు, వెనకబడ్డాడు. మా స్కూల్ డిస్ట్రిక్ట్‌లోనే ఉన్న ఒక చిన్న కంటిన్యుయేషన్ హైస్కూల్‌కు (క్రెడిట్లు వెనకబడినవారు డిప్లొమా పూర్తి చేసుకునే బడికి) మారితే తప్ప సకాలంలో డిప్లొమా రాదని కౌన్సెలర్ చెప్పారు. ఇంటికి వచ్చి ఆ బడి వివరాలు చూస్తే గుండె జారిపోయింది. ఇంగ్లీషులో రాష్ట్ర ప్రమాణాన్ని అందుకున్నవారు చాలా తక్కువ, గణితంలో దాదాపు లేరు, కొన్ని గడుల్లో అంకెకు బదులు నక్షత్రం గుర్తు మాత్రమే ఉంది. పిల్లల్లో ఎక్కువమంది తక్కువ ఆదాయం గల లాటినో కుటుంబాల వారు. మనవాళ్లు ఉన్నారో లేరో కూడా తెలియదు. మావారు "అది పనికిరాని బడి" అని తేల్చేశారు. తెలిసినవారిని అడగడానికి మొహమాటంగా ఉంది. దయచేసి ఎవరైనా చెప్పగలరా?

సమాధానం (వేరే డిస్ట్రిక్ట్‌లో ఇటువంటి బడిలోనే పని చేస్తున్న ఉపాధ్యాయుడు):
అమ్మా, మీరు చూసిన అంకెలు అబద్ధం కావు, కానీ వాటిలో ఆ బడి చేసిన పని కంటే ఆ బడికి ఎవరు వచ్చారన్నదే ఎక్కువగా కనిపిస్తుంది. హైస్కూల్లో రాష్ట్ర పరీక్షలు ఇంగ్లీషుకు, గణితానికి పదకొండో తరగతిలోనే ఉంటాయి. కంటిన్యుయేషన్ బడులు పదహారేళ్లు నిండి క్రెడిట్లు వెనకబడినవారి కోసం ఉన్నవి కాబట్టి, వసంతకాలంలో పరీక్ష రాసే పిల్లల్లో చాలామంది ఆ బడికి వచ్చి కొన్ని నెలలే అయి ఉంటుంది. అంతకు ముందు పదేళ్ల చదువు వేరే బడులదే అయినా మార్కులు మాత్రం వీరి ఖాతాలో పడతాయి. నక్షత్రం గుర్తు విషయానికి వస్తే, పరీక్ష రాసినవారు పదిమంది లేదా అంతకు తక్కువ ఉంటే వారి గోప్యత కోసం ఫలితాన్ని దాచిపెడతారు. ఇరవైమంది రాసినచోట కూడా ఒక్క విద్యార్థి 5 శాతానికి సమానం, అందువల్ల ఏటేటా వచ్చే హెచ్చుతగ్గులకు పెద్ద అర్థం ఉండదు.

డిప్లొమా శాతం మరీ తికమక పెడుతుంది. తొమ్మిదో తరగతిలో మొదలుపెట్టి నాలుగేళ్లలో పూర్తి చేసినవారిని లెక్కించే ఆ పద్ధతిలో, పిల్లవాడు ఏ బడికి మారితే ఆ బడి లెక్కలోకే వెళతాడు. వెనకబడినవారిని పంపించిన పెద్ద బడి శాతం మెరుగుపడుతుంది, వారిని చేర్చుకున్న చిన్న బడి శాతం పడిపోతుంది. మూడింట ఒక వంతు లేదా అంతకంటే ఎక్కువమంది డిప్లొమా పొందని హైస్కూల్‌ను ప్రత్యేక సహాయం అవసరమైనదిగా గుర్తించాలని 2015 నాటి ఫెడరల్ చట్టం చెబుతోంది. ఆ జాబితాలో ఇటువంటి బడి కనిపించినంత మాత్రాన అక్కడ బోధన లేదని అనుకోవద్దు.

విద్యార్థుల కూర్పు కూడా అక్టోబర్ మొదటి బుధవారం నాటి హాజరుపట్టీ నుంచి తీసినదే. మా వంటి బడుల్లో జనవరికల్లా సగం ముఖాలు మారిపోతాయి. ఏడాది మొత్తంలో చేరినవారి లెక్కను రాష్ట్రం వేరుగా ఇస్తుంది, రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడండి. పేద కుటుంబాల పిల్లలు ఎక్కువగా ఉన్నారంటే, పని చేస్తూనో, తమ్ముళ్లను చూసుకుంటూనో పెద్ద బడి సమయాలను అందుకోలేకపోయినవారు ఎక్కువని అర్థం. అది వారి తెలివితేటలకు కొలత కాదు, మీ అబ్బాయికి ప్రమాదమూ కాదు.

సమాధానం (సాక్రమెంటో నుంచి ఒక తండ్రి):
మా అమ్మాయి ఇటువంటి బడిలోనే ఒకటిన్నర ఏడాది చదివింది. హాజరు నిబంధన వారానికి పదిహేను గంటలే కావడంతో మొదట నాకు అది చదువులా అనిపించలేదని ఒప్పుకోవాలి. కానీ తరగతిలో పిల్లలు తక్కువ, ఉపాధ్యాయురాలికి ప్రతి ఒక్కరి పేరూ కథా తెలుసు, కోర్సులో పూర్తి చేసిన మేరకు క్రెడిట్ అప్పటికప్పుడే వచ్చేది. సకాలంలో డిప్లొమా తీసుకుని, కమ్యూనిటీ కాలేజీలో రెండేళ్లు చదివి, షరతులు తీర్చిన కమ్యూనిటీ కాలేజీ విద్యార్థులకు సీటు ఖాయం చేసే బదిలీ హామీ పథకం కింద యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా (యూసీ) డేవిస్ క్యాంపస్‌లో చేరింది. ఆ హామీ ఇచ్చే యూసీ క్యాంపస్‌లు ఆరు ఉన్నాయి; బర్క్‌లీ, లాస్ ఏంజిలస్, శాన్ డియాగో వాటిలో లేవు.

సమాధానం (పేరు వద్దు):
పై ఇద్దరితో ఏకీభవిస్తూనే ఒక హెచ్చరిక. హైస్కూల్ నుంచి నేరుగా యూసీలో గానీ కాల్ స్టేట్‌లో (కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీలో) గానీ చేరాలంటే నిర్దేశిత విషయాల్లో, సీ గ్రేడ్‌కు తగ్గకుండా, పదిహేను ఏడాది కోర్సులు కావాలి. చిన్న బడుల్లో ల్యాబ్‌తో కూడిన సైన్సు, పైస్థాయి గణితం చాలాచోట్ల ఉండవు. మీరు పరీక్ష శాతాల గురించి కాక, ఏయే కోర్సులు ఉన్నాయి, నిరుడు చేరినవారు సగటున ఎన్ని క్రెడిట్లు పూడ్చుకున్నారు అని ప్రిన్సిపాల్‌ను అడగండి. అంకెలన్నిటిలో మీకు పనికివచ్చేది ఆ రెండోదే, అది బడుల అంకెలు చూపే ఏ డ్యాష్‌బోర్డులోనూ ఉండదు.

ఈస్ట్ బే అమ్మ:
అందరికీ కృతజ్ఞతలు. మావారికి ఇవన్నీ చదివి వినిపించాను. ఆయన ఇంకా పూర్తిగా ఒప్పుకోలేదు గానీ బడి చూడడానికి వస్తానన్నారు. ఒకసారి మారితే తిరిగి పాత బడికి రావచ్చా అన్నది ఆయన ప్రశ్న.

సమాధానం (ఉపాధ్యాయుడు):
రావచ్చునమ్మా. మీ అంతట మీరు ఇష్టపడి మార్చినట్లయితే, తరువాతి విద్యాసంవత్సరం ఆరంభంలో మామూలు హైస్కూల్‌కు తిరిగి వచ్చే హక్కు రాష్ట్ర విద్యాచట్టంలోనే ఉంది. అంతకు ముందే రావాలంటే డిస్ట్రిక్ట్ అనుమతి అవసరం. సంతకం పెట్టేముందు ఆ కాగితంపై ఇది స్వచ్ఛంద బదిలీ అని రాసి ఉందో లేదో చూసుకోండి.