కాల్‌సైన్‌ని తెలుగులో ఏమనాలి?

పిల్లల పత్రికకి రేడియో మీద వ్యాసం రాస్తూ, రేడియో స్టేషన్ తనెవరో చెప్పుకోడానికి వాడే అక్షరాల గుర్తు 'కాల్‌సైన్' దగ్గర ఆగిపోయాను. 'పిలుపు సంకేతం' అని రాస్తే మా అమ్మాయి చదివి "ఏటి నాన్నా, రైలు కూతా?" అంది.

నాకు తట్టిన మాట 'ఇంటిపేరు'. కాల్‌సైన్ కట్టే తీరు అచ్చం మన పేరులాగే ఉంటుంది మరి. ఇంటిపేరు ముందు, సొంత పేరు వెనక. ఏ దేశానికి ఏ అక్షరాలో అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ పంచింది. మన వాటాకి ఏటీఏ నుంచి ఏడబ్ల్యూజెడ్, వీటీఏ నుంచి వీడబ్ల్యూజెడ్, 8టీఏ నుంచి 8వైజెడ్ వచ్చాయి. సరదాకి లైసెన్సు తీసుకుని రేడియోలో మాట్లాడుకునే హామ్ రేడియో వాళ్ల వీయూ2, వీయూ3 ఇందులోవే. లైసెన్సు ఇచ్చేటప్పుడు వాటి వెనక మనిషికో రకంగా అక్షరాలు తగిలిస్తారు. అండమాన్‌కి వీయూ4, లక్షద్వీప్‌కి వీయూ7. వినగానే ఏ ఇంటివాళ్లో తెలిసిపోతుంది.

ఏటంటారు?

విజయనగరం నుంచి:
మాస్టారూ, పోలిక బాగుంది గానీ మాట కుదర్దు. మా వీధిలో ఒకే ఇంటిపేరుతో ముగ్గురు అప్పలనాయుళ్లున్నారు. కాల్‌సైన్ ఇద్దరికి ఉంటే కొంప మునుగుతుంది. పైగా మనం రేడియోలో విన్నది ఊరి పేరే కదా, 'ఆకాశవాణి, విశాఖపట్నం కేంద్రం' అని. అమెరికాలో అయితే గంటకోసారి అక్షరాలు చెప్పి, వెంటనే ఊరు చెప్పాలి. ఆ అక్షరాల్లో మొదటిది మిసిసిపీ నదికి తూర్పున డబ్ల్యూ, పడమట కే. తూర్పునున్న పిట్స్‌బర్గ్ కేడీకేఏ లాంటి పాత స్టేషన్లు కొన్ని ఆ లెక్కకి లొంగవు.

నేనే మళ్లీ:
నిజమే. మా పాత ట్రాన్సిస్టర్‌లో విశాఖ 927 కిలోహెర్ట్జ్, కటక్ 972. రెండింటికీ మధ్య ముల్లు కదిలేది గోరంత. రాత్రిపూట ఒకదాని మీద ఒకటి ఎక్కేసేవి. ఒడియా వినబడితే ముల్లు వెనక్కి తిప్పడమే. మాకు కాల్‌సైన్ భాషే!

పాలకొండ నుంచి:
మన విమానాల తోక దగ్గరుండే 'వీటీ' అంటే 'వైస్రాయ్ టెరిటరీ' అని వాట్సాప్‌లో తిరుగుతోంది, నమ్మకండి. ఆస్ట్రేలియా వాళ్లది వీహెచ్, వాళ్లకి వైస్రాయ్ ఎక్కడ? అప్పట్లో బ్రిటిష్ సామ్రాజ్యానికి వచ్చిన 'వీ' వరసలో అదొక ముక్క, అంతే. శ్రీకాకుళం పాత పేరు చికాకోలుకి 'సిక్కా ఖోల్' కథ అల్లినట్టే ఇదీను.

మాట సంగతికొస్తే 'పిలుపు పేరు' అని వేసెయ్యండి. పిల్లలకి అందుతుంది.

నేనే:
'పిలుపు పేరు' ఖాయం చేశాను. ఇంకో చిక్కు. గరగరలో వీ, బీ, డీ ఒకేలా వినబడతాయని హామ్ వాళ్లు 'వీయూ'ని 'విక్టర్, యూనిఫాం' అని విడమరుస్తారు. దీనికి తెలుగు ఉదాహరణ ఏం వెయ్యాలి?

విజయనగరం నుంచి:
గ్యాస్ బుకింగ్‌కి ఫోన్‌లో మా ఇంటిపేరు చెప్పేటప్పుడు నేను రోజూ పడే పాటే వెయ్యండి: "బొ అండీ, పొ కాదు. బొమ్మలో బొ."