సమస్య: ఏడ్చి యేడ్చి తినిన నెంత రుచియొ!

నిర్వాహకుడు:
నిన్న రాత్రి ఇంట్లో కూర లేదు. అన్నం ఉంది, కొత్త ఆవకాయ ఉంది. మూడో ముద్దకి మా ఆవిడ నా మొహం చూసి "ఎవరైనా పోయారా?" అని కంగారు పడింది. అప్పుడు తట్టిందీ పాదం.

*ఏడ్చి యేడ్చి తినిన నెంత రుచియొ!*

దీన్ని నాలుగో పాదంగా పెట్టి ఆటవెలది పద్యం పూరించండి. షరతు ఒక్కటే. పద్యంలో పొయ్యి మీద కూర ఉడకకూడదు. వట్టి అన్నానికి రుచి తెచ్చే చిన్న ఉపాయం ఏదైనా కనపడాలి. విరహాలు, ఎన్నికల ఓటములు వద్దు, పోయినసారి అవి సరిపోయాయి.

సన్నబియ్యం:
మీ ఆవకాయనే మీకు వడ్డిస్తున్నాను.

వేడి యన్నమందు వెన్న నేతిని వేసి
కొత్త యావకాయ కొంత కలిపి
ముద్ద నోట బెట్ట ముక్కు కన్నులు గారు
ఏడ్చి యేడ్చి తినిన నెంత రుచియొ!

నిర్వాహకుడు:
బోణీ బాగుంది. నడక హాయిగా ఉంది. అందరికీ మొదట తోచేదే అయినా మొదట వచ్చిన వాళ్ళదే హక్కు.

ముక్కుసూటి:
నడక సరే, నెయ్యి సంగతేమిటి? మిరపలో మండేది నీళ్ళలో కరగదు, కొవ్వులో కరుగుతుంది. అందుకే కారం ఎక్కువైతే మంచినీళ్ళు తాగినా మంట తగ్గదు, నెయ్యో పెరుగో పడితే తగ్గుతుంది. మొదటి పాదంలో నెయ్యి పోసేసి మూడో పాదంలో ముక్కు కారిందంటే ఎవరు నమ్ముతారు? ఒక్క మాట మార్చండి. "వెన్న నేతిని మాని". గణం అదే, యతి అదే, ఏడుపు గ్యారంటీ.

సన్నబియ్యం:
మార్చాను. కానీ నెయ్యి లేకుండా ఆవకాయ అన్నం తినమని చెప్పే పాపం మీదే.

పోపులపెట్టె:
మొదటిసారి రాస్తున్నాను. తప్పులుంటే మెల్లిగా చెప్పండి.

రోటిలోన నుప్పు రుచికి మిర్చిని నూరి
వెంట వెంట నాల్గు వెల్లుల్లి దంచి
కలిపి పెట్టెనమ్మ కన్నుల నీరూర
ఏడ్చి యేడ్చి తినిన నెంత రుచియొ!

ముక్కుసూటి:
మెల్లిగానే చెబుతాను. ఆటవెలది రెండో పాదంలో అన్నీ సూర్యగణాలే ఉండాలి, ఆ సూర్యుల మధ్య "వెల్లుల్లి" వచ్చి కూర్చుంది. అది ఇంద్రగణం. వెల్లుల్లి ఎక్కడ దాచినా వాసన పట్టేస్తుంది కదమ్మా. మూడో పాదం మాత్రం ఈ పూటకి నాకు నచ్చిన పాదం. అమ్మ కలిపి పెట్టడం, కళ్ళలో నీళ్ళు ఊరడం... కారం వల్లో అమ్మ వల్లో తేల్చకుండా వదిలేశారు.

ఓరుగల్లు:
వెల్లుల్లి అంటేనే గణం పోతది. మా దిక్కు "ఎల్లిపాయ" అంటం, రెండు సూర్యగణాలు సాఫుగా పడతయి.

*ఇంత దంచి వేసి యెల్లిపాయ*

ఎల్లిపాయ కారం, వేడి బువ్వ, ఇంక కూర ఎందుకు? ఛందస్సు కూడా మా పక్కనే ఉన్నది, చూసుకోండ్రి.

పోపులపెట్టె:
అయ్యో, ఎంత బాగుందో! తీసుకుంటున్నానండీ. మా ఇంట్లో ఈ మాట ఎవరూ అనరు, రేపటి నుంచి నేనంటాను.

గిద్దెడునెయ్యి:
నేను పురాణంలోంచి తెచ్చాను, వలలుడి వేషంలో ఉన్న భీముణ్ణి.

వలలు డొక్క నాడు వట్టి యన్నము బెట్టి
మిరపకాయ నూరి మీద జల్ల
కోట మల్లులెల్ల కొసరి కోరిరి మళ్ళి
ఏడ్చి యేడ్చి తినిన నెంత రుచియొ!

తూర్పుగట్టు:
భలే. విరాటుడి కొలువులో వంటవాడూ వాడే, మల్లుడూ వాడే. కుస్తీలో ఏడిపించినవాడే ముద్దలోనూ ఏడిపించాడు. కొసరి కోరడం బాగుంది.

ముక్కుసూటి:
భీముడికి మిరపకాయ ఎవరిచ్చారు? అది అమెరికా ఖండం నుంచి పోర్చుగీసు ఓడల్లో మన దేశానికి వచ్చింది. వాస్కో డ గామా కోళికోడ్ తీరానికి చేరిందే 1498లో. అప్పటిదాకా మన వంటింట్లో ఘాటంటే మిరియం, అల్లం, ఆవాలు. మెచ్చుకునే ముందు తూర్పుగట్టు గారు ఆ మాట చూడలేదు. పంటలు, నేలల విషయంలో ఆయన ఉదారులు. పోయిన నెల పులిహోర సమస్యకి గోదావరి గట్టున ఇంగువ తోట వేశారుగా!

తూర్పుగట్టు:
ఆ పద్యానికి యతి కుదిరింది.

ముక్కుసూటి:
యతి కుదిరితే పంట పండుతుందా? ఇంగువ చలిదేశపు మొక్క, ఇరాన్, అఫ్ఘానిస్తాన్ కొండల్లోది. మన దేశంలో 2020లో హిమాచల్‌లోని లాహౌల్ లోయలో నాటడం మొదలుపెట్టారు. కోనసీమలో కాదు.

గిద్దెడునెయ్యి:
మీరిద్దరూ ఇంగువ దగ్గర ఆగిపోయారు, నా భీముడు గరిటె పట్టుకుని నిలబడి ఉన్నాడు. సవరణ ఇదిగో:

*మిరియమింత నూరి మీద జల్ల*

ముక్కుసూటి:
ఇప్పుడు ద్వాపరయుగం. ఒప్పుకున్నాను.

ఓరుగల్లు:
నాదొకటి. పచ్చిపులుసు పొయ్యి ఎక్కదు, షరతుకు లోబడే ఉన్నది.

పచ్చి పులుసు లోకి బాగుగా నుల్లిని
తరిగి తరిగి కండ్ల ధార గార
అన్నమందు బోసి యా చేతితోడనే
ఏడ్చి యేడ్చి తినిన నెంత రుచియొ!

సన్నబియ్యం:
"ఆ చేతితోడనే" దగ్గర నవ్వాను. ఆ చేత్తో కళ్ళు తుడుచుకున్నారా?

ఓరుగల్లు:
తుడుసుకున్న. అందులో పచ్చిమిరపకాయ కూడా పిసికిన. మిగతాది పద్యంల చెప్పలేదు.

తూర్పుగట్టు:
ఇక నాది. ఇంతవరకు అందరూ తినేవాణ్ణి ఏడిపించారు. నేను తినబడేదాన్ని ఏడిపిస్తాను.

ఉప్పు పసుపు తగిలి యూట లూరిన ముక్క
మూడు నాళ్ళు జాడి మూల నుండి
కొమ్మ తల్లి దలచి కుమిలి కుమిలి యయ్యొ!
ఏడ్చి యేడ్చి తినిన నెంత రుచియొ!

నిర్వాహకుడు:
మాగాయ! మామిడి ముక్క ఊట ఊరడాన్ని ఏడుపు చేశారు. నేను పాదం ఇచ్చినప్పుడు ఇది నాకే తోచలేదు. "కొమ్మ తల్లి" దగ్గర కాసేపు ఆగాను.

పోపులపెట్టె:
మా అమ్మమ్మ మూడో రోజు ముక్కలు పిండి చాప మీద ఆరబెట్టేది, ఊటని గిన్నెలో పోసి అది కూడా ఎండలో పెట్టేది. ఇక నుంచి ఆ ముక్కల్ని చూస్తే జాలేస్తుంది.

ముక్కుసూటి:
జాలి తర్వాత. ముందు వ్యాకరణం. "ఏడ్చి" క్త్వార్థకం, అంటే ముందు జరిగిన పనిని చెప్పే అసమాపక క్రియ. దానికీ తర్వాతి క్రియకీ కర్త ఒకరే ఉండాలి. ఇక్కడ ఏడ్చింది ముక్క, తిన్నది తూర్పుగట్టు గారు. పద్యం ప్రకారం మామిడి ముక్కే ఏడుస్తూ కూర్చుని భోజనం చేసింది.

తూర్పుగట్టు:
"వానలు కురిసి చెరువులు నిండాయి." కురిసింది వాన, నిండింది చెరువు. ఈ వాక్యాన్ని మీరు తప్పంటారా?

ముక్కుసూటి:
అనను. అక్కడ మొదటి పని రెండో పనికి కారణం. వాన కురవకపోతే చెరువు నిండదు. ముక్క ఏడవటం మీరు తినడానికి కారణమా?

తూర్పుగట్టు:
ముమ్మాటికీ. ఏడవకపోతే అది మాగాయ కాదు, ఉప్పు రాసిన పచ్చి మామిడికాయ. ఊట దిగాలి, ముక్క పిండాలి, ఎండాలి, మళ్ళీ తన ఊటలోనే తను నానాలి. అప్పుడే కారం, మెంతిపిండి, పోపు. ఏడుపు లేనిదే తినడం లేదు. మీ సూత్రమే నాకు సాక్ష్యం.

గిద్దెడునెయ్యి:
దెబ్బ!

సన్నబియ్యం:
ముక్కుసూటి గారు అరగంట నుంచి మాట్లాడటం లేదు. నిఘంటువులు తిరగేస్తున్నట్టున్నారు.

ముక్కుసూటి:
భోజనానికి వెళ్ళాను. ఇంట్లో మాగాయ ఉంటే, వేడన్నంలో ఊటతో కలిపి, ఒక్క చుక్క నూనె వేసుకుని చూశాను. కారణం సరిపోయింది, ఒప్పుకుంటున్నాను. కానీ మా మాగాయ కాస్త చేదు తిరిగింది. మీ ఇంట్లో మెంతులు ఎంత వేస్తారు?

తూర్పుగట్టు:
నా ఇంగువ తోట మాట ఇంకెప్పుడూ ఎత్తనని సంధికి వస్తే చెబుతాను.

ముక్కుసూటి:
మూడో పాదం చివర "అయ్యొ", నాలుగో పాదం మొదట "ఏడ్చి" పెట్టి, సంధి కలపకుండా విసంధి చేసింది మీరు, సంధికి నేను రావాలా? సరే, ఆ తోటకి ఇవాళ్టి నుంచి నీళ్ళు కూడా నేనే పోస్తాను. మెంతుల కొలత చెప్పండి.